కొత్త అండర్‌గ్రౌండ్ హౌస్, డిస్కో రిలీజ్‌లు: ఎక్కడ వెతకాలి, ఎలా వినాలి

మీరు మూడు సంగతులు అడిగారు. డీజే మిక్స్‌లలో వినే హౌస్, డిస్కో (రెండూ క్లబ్బుల్లో నాట్యం కోసం చేసే సంగీతం) మీకు బాగా నచ్చుతున్నాయి కానీ స్టోర్లలో ‘కొత్త రిలీజ్‌లు’ పేజీ తెరిస్తే అన్నీ ఒకేలా వినిపిస్తున్నాయి, మరి ఆ మిక్స్‌లలోని సంగీతం ఎక్కడ దొరుకుతుంది? దానికోసం వినైల్ కొనక తప్పదా? రీఎడిట్లు, అంటే పాత పాటలను కోసి, పొడిగించి చేసిన వెర్షన్లు, కొనడం సరైన పనేనా? చాలా ఏళ్లుగా ఈ రికార్డులు కొంటూ, ప్లే చేస్తూ ఉన్నవాడిగా ఒక్కొక్కటీ చెబుతాను. మొదటిదానికే ఎక్కువ చోటు పడుతుంది.

మీ చెవిలో లోపమేమీ లేదు. బీట్‌పోర్ట్ లాంటి పెద్ద స్టోర్‌లో టాప్ 100 అంటే అమ్మకాల లెక్క. పెద్ద వేదికల మీద వాయించేవాళ్లు ఈమధ్య ఏం కొన్నారో అది చూపిస్తుంది. ఆ వేదికలకు గట్టి కిక్ (పెద్ద డ్రమ్ దెబ్బ), వెంటనే పట్టుకునే వోకల్, తరచూ బ్రేక్‌డౌన్ (డ్రమ్స్ ఆగి పాట పలచబడే చోటు), దాని వెనకే డ్రాప్ (అన్నీ ఒక్కసారిగా తిరిగొచ్చే చోటు) కావాలి. అందుకే అవన్నీ దగ్గర దగ్గరగా వినిపిస్తాయి. మీకు నచ్చిన మిక్స్‌లు చేసినవాళ్లు వేరే చోట వెతుకుతారు. ఒక చిన్న లేబుల్ (రికార్డు కంపెనీ) మూడు వందలో ఐదు వందలో కాపీలు ప్రెస్ చేసి వదిలిన రికార్డు ఆ చార్టులోకి రావడం చాలా అరుదు.

కేటగిరీలు కూడా పెద్దగా సాయం చేయవు. ‘డీప్ హౌస్’ ట్యాగ్ కింద లారీ హర్డ్ 1980లలో షికాగోలో మొదలుపెట్టిన మెత్తటి సింథ్ సంగీతం బాటలో వచ్చినవీ ఉంటాయి, రేడియో పాప్‌కు కిక్ తగిలించినవీ ఉంటాయి. ‘న్యూ డిస్కో’ కింద నిజంగా బ్యాండ్ కూర్చుని వాయించిన రికార్డూ ఉంటుంది, పాత పాటలోంచి రెండు బార్లు (తాళం ఆవర్తాలు) లూప్ చేసి ఫిల్టర్ తిప్పినదీ ఉంటుంది. ట్యాగ్ పెట్టేది లేబులో డిస్ట్రిబ్యూటరో. ఎక్కువమంది ఏ పేరుతో వెతుకుతారో ఆ పేరే పెడతారు.

కాబట్టి కేటగిరీ వదిలేసి పేర్లు పట్టుకోండి. నేను ఇవ్వగలిగిన సలహాలో ముఖ్యమైన ముక్క ఇదే. ఒక ట్రాక్ నచ్చితే దాని వెనక కనీసం నలుగురైదుగురు ఉంటారు: చేసినవాళ్లు, రీమిక్స్ చేసినవాళ్లు, లేబుల్ నడిపేవాళ్లు, మాస్టరింగ్ (విడుదలకు ముందు శబ్దాన్ని చివరిసారి సరిదిద్దడం) చేసిన ఇంజనీరు, దాన్ని షాపులకు చేర్చిన డిస్ట్రిబ్యూటర్. ఇందులో ఏ పేరు పట్టుకున్నా ఇంకో పది రికార్డులు బయటికి వస్తాయి. ఈ సంగీతంలో లేబుల్ అంటే చాలాసార్లు ఒక మనిషి అభిరుచి. థియో పారిష్ 1997లో డెట్రాయిట్‌లో సౌండ్ సిగ్నేచర్ లేబుల్ మొదలుపెట్టారు. మూడీమన్ పేరుతో రికార్డులు చేసే కెన్నీ డిక్సన్ జూనియర్‌కు కేడీజే, మహోగని మ్యూజిక్ ఉన్నాయి. ఒమర్ ఎస్‌కు ఎఫ్ఎక్స్‌హెచ్ఈ ఉంది. ఈ ముగ్గురిలో ఒకరి రికార్డు నచ్చిందంటే ఆ లేబుల్‌లో తర్వాత వచ్చేది కళ్లు మూసుకుని వినొచ్చు. నచ్చకపోవచ్చు, కానీ ఎవరో ఒకరు నిజంగా ఇష్టపడి వదిలినదే అయి ఉంటుంది.

డెట్రాయిట్ పచ్చిదనం మీకు పడకపోతే గెర్డ్ యాన్సన్ 2002 నుంచి నడుపుతున్న రన్నింగ్ బ్యాక్ చూడండి. హౌస్, డిస్కో, పాత సింథ్ సంగీతం అన్నీ అక్కడ కలుస్తాయి. లండన్ పెక్‌హామ్ చుట్టూ పెరిగిన కొత్త తరం సంగీతం కావాలంటే బ్రాడ్లీ జీరో లేబుల్ రిథమ్ సెక్షన్ ఇంటర్నేషనల్, వాంకూవర్ నుంచి నెమ్మదైన, కలలో ఉన్నట్టుండే హౌస్ కావాలంటే మూడ్ హట్. డిస్కో వైపు మొగ్గితే బ్రూక్లిన్ వాళ్ల రేజర్-ఎన్-టేప్. ఇవన్నీ వినమని చెప్పడం లేదు. ఒకదానితో మొదలుపెట్టి దాని క్యాటలాగ్‌ను మొదటి నంబరు నుంచి వరసగా వినండి. లేబుల్ రుచి ఎటు నుంచి ఎటు జరిగిందో తెలుస్తుంది, అప్పుడు కొత్తది రాగానే దాని స్థానం మీకు అర్థమవుతుంది.

డిస్ట్రిబ్యూటర్ పేరును చాలామంది పట్టించుకోరు. నాకు ఎక్కువ రికార్డులు దొరికింది ఆ దారిలోనే. ఆమ్‌స్టర్‌డామ్‌లో రష్ అవర్, రాటర్‌డామ్‌లో క్లోన్ షాపులూ, లేబుళ్లూ, డిస్ట్రిబ్యూటర్లూ కూడా. ఎవరికీ తెలియని ఒక కొత్త లేబుల్ మొదటి రికార్డును వాళ్లు తీసుకున్నారంటే, రోజంతా రికార్డులు వినేవాళ్లు ముందే విని ఒప్పుకున్నారన్నమాట. అలాంటి షాపుల సైట్లలో ప్రతి రికార్డు కింద ఒకటి రెండు వాక్యాలు రాసి ఉంటాయి. వాటిని తప్పకుండా చదవండి. బెర్లిన్‌లో మార్క్ ఎర్నెస్టస్ 1989లో పెట్టిన హార్డ్ వాక్స్‌లో ఆ వర్ణన ఒక్క లైను కూడా దాటదు, అయినా రికార్డు ఎలా ఉంటుందో తెలిసిపోతుంది. లండన్‌లో ఫోనికా, షికాగోలో 1969 నుంచి ఉన్న గ్రామఫోన్ కూడా చూడదగ్గ సైట్లే. వస్తువు కొనకపోయినా ఏం వచ్చిందో తెలుసుకోవడానికి ఇంతకంటే మంచి పత్రిక లేదు.

కళాకారులు, లేబుళ్లు నేరుగా అమ్ముకునే సైట్ బ్యాండ్‌క్యాంప్‌లో కొత్తవాళ్లు వాడని దారి ఒకటుంది. నచ్చిన రిలీజ్ పేజీ కింద దాన్ని కొన్నవాళ్ల చిన్న బొమ్మలు కనిపిస్తాయి. ఒకదాని మీద నొక్కితే ఆ మనిషి కొన్న మొత్తం కలెక్షన్ తెరుచుకుంటుంది. మీకు నచ్చిన రెండు మూడు అరుదైన రికార్డులు అదే మనిషి దగ్గర ఉన్నాయంటే అతన్ని ఫాలో అవ్వండి. అతను ఏది కొన్నా మీకు తెలుస్తుంది. డబ్బు ఇచ్చి కొన్నవాళ్ల ఎంపిక ఇది, అందుకే ఏ ప్లేలిస్ట్ కంటే దీనికే నేను విలువిస్తాను. చేసినవాళ్లకు చేరే వాటా కూడా ఇక్కడ మెరుగు. డిజిటల్ అమ్మకాల మీద బ్యాండ్‌క్యాంప్ మామూలుగా 15 శాతం, వస్తువుల మీద 10 శాతం తీసుకుంటుంది. 2020 మార్చిలో మొదలైన బ్యాండ్‌క్యాంప్ ఫ్రైడే రోజుల్లో ఆ వాటా కూడా వదులుకుంటుంది. చాలా చిన్న లేబుళ్లు తమ కొత్త రిలీజ్‌ను ఆ శుక్రవారానికే ఆపి ఉంచుతాయి. అందుకని ఆ వారం కొంచెం టైమ్ పెట్టుకోండి. స్ట్రీమింగ్‌లో లెక్క వేరు. స్పాటిఫైలో 2024లో వచ్చిన నిబంధన ప్రకారం, గడిచిన 12 నెలల్లో కనీసం 1,000 స్ట్రీమ్‌లు రాని ట్రాక్ రాయల్టీ లెక్కలోకే రాదు. మనం మాట్లాడుకుంటున్న సంగీతంలో ఆ గీత దాటని ట్రాక్‌లు చాలా ఉంటాయి.

క్రెడిట్ల కోసం రికార్డుల వివరాలుండే సైట్ డిస్కాగ్స్ వాడండి. ఒక రికార్డులో బేస్ ఎవరు వాయించారో, మాస్టరింగ్ ఎవరిదో, అదే మనిషి వేరే ఏ పేర్లతో రికార్డులు చేశాడో అక్కడ ఉంటుంది. హౌస్‌లో ఒకే మనిషికి నాలుగైదు పేర్లుండటం మామూలే, కాబట్టి ఆ లింకులే మీకు దారి. రేడియోలో లండన్ ఎన్‌టీఎస్, బ్రూక్లిన్‌లోని ది లాట్ రేడియో చాలు. నచ్చిన ఇద్దరు ముగ్గురి షోలు క్రమం తప్పకుండా వినండి.

మిక్స్‌లో విన్న ట్రాక్ ఎంత వెతికినా దొరక్కపోతే అది ఇంకా బయటికి రాకపోయి ఉండొచ్చు. లేబుళ్లు రిలీజ్‌కు వారాల ముందే, కొన్నిసార్లు నెలల ముందే డీజేలకు ప్రోమోలు (ప్రచారం కోసం ఇచ్చే ఉచిత కాపీలు) పంపుతాయి. ఈ పద్ధతి డిస్కో కాలం నాటిది. న్యూయార్క్‌లో ది లాఫ్ట్ పార్టీలు నడిపిన డేవిడ్ మాంకుసో, మరికొందరు డీజేలు కలిసి 1975లో రికార్డ్ పూల్ పెట్టారు. లేబుళ్లు కొత్త రికార్డులు అక్కడికి ఉచితంగా పంపేవి, జనం దేనికి ఎలా స్పందించారో డీజేలు తిరిగి చెప్పేవాళ్లు. ఇప్పుడు రికార్డు బదులు డౌన్‌లోడ్ లింకు వస్తుంది. పని తీరు మాత్రం అదే. కాబట్టి ఆ ట్రాక్ మిక్స్‌లో ఏ నిమిషం దగ్గర ఉందో రాసిపెట్టుకుని కొన్ని వారాల తర్వాత మళ్లీ వెతకండి.

ఇక వినడం గురించి. ఇది అడగలేదు కానీ చెప్పకపోతే పైదంతా వృథా. స్టోర్లలో వినిపించేది ట్రాక్‌లో ఒక ముక్క. ఈ సంగీతాన్ని ముక్కలో విని తేల్చడం కష్టం, ఎందుకంటే అది మొదటి నుంచీ పొడవు కోసమే కట్టింది. 1970ల మధ్యలో టామ్ మౌల్టన్ డాన్స్ పాటల నిడివి పెంచుతూ మిక్స్‌లు చేసేవాడు. ఒకసారి టెస్టు కాపీ కోయడానికి 7 అంగుళాల ఖాళీ డిస్కులు లేక పెద్ద డిస్కు మీద గాడులు ఎడంగా పరిచి కోయించాడని, అలా కోసినదాంట్లో బేస్, వాల్యూమ్ ఒక్కసారిగా పెరిగాయని చెబుతారు. అలా పుట్టిన 12 అంగుళాల సింగిల్‌ను 1976లో సాల్‌సోల్ లేబుల్ మొదటిసారి మామూలు కొనుగోలుదార్లకు అమ్మింది. అది డబుల్ ఎక్స్‌పోజర్ బృందం పాట ‘టెన్ పర్సెంట్’. అందులో వాల్టర్ గిబ్బన్స్ మిక్స్ తొమ్మిది నిమిషాలు దాటుతుంది. ఆయన క్లబ్‌లో వాయించే డీజే. పాటను విప్పి డ్రమ్స్‌ను, స్ట్రింగ్స్‌ను ఒక్కోసారి ఒంటరిగా వదిలితే జనం ఏం చేస్తారో ఆయనకు తెలుసు. ఇవాళ వచ్చే హౌస్ ట్రాక్ ఏడెనిమిది నిమిషాలు ఎందుకు ఉంటుందో దాన్ని వింటే అర్థమవుతుంది.

అందుకే క్లిప్ విని వదిలేయకండి, మొత్తం వినే వీలున్న చోట వినండి. మొదటి నిమిషంలో కిక్, బేస్‌లైన్ రెండింటి సంబంధం గమనించండి. మంచి రికార్డులో అవి ఒకదానికొకటి చోటిస్తాయి. కిక్ పడిన క్షణంలో బేస్ తగ్గుతుంది, లేదా కిక్‌ల మధ్య ఖాళీలోనే పలుకుతుంది. తర్వాత హై-హ్యాట్ (డ్రమ్ సెట్‌లో తెరుచుకుని మూసుకునే జంట తాళాలు) వినండి. 1973 ప్రాంతంలో ఫిలడెల్ఫియా డ్రమ్మర్ ఎర్ల్ యంగ్ నాలుగు బీట్ల మీద కిక్ పెట్టి, బీట్‌కీ బీట్‌కీ మధ్య హై-హ్యాట్ తెరిచి వాయించడంతో డిస్కో నడక స్థిరపడింది. ఇప్పటి హౌస్ ఆ నడక మీదే నిలబడింది. ఆ హై-హ్యాట్ గడియారంలా పడుతోందా, ఒక వెంట్రుకవాసి ఆలస్యంగా పడుతోందా అన్నదాంట్లోనే ట్రాక్ ఊపు ఉంటుంది. మూడో నిమిషం తర్వాత ఏం మారిందో చూడండి. కొత్త వాయిద్యం రానక్కర్లేదు. ఒక సింథ్ శబ్దం కొంచెం తెరుచుకోవడం, ఒక కాంగా డ్రమ్ చేరడం, బేస్‌లో ఒక స్వరం మారడం చాలు. ఏమీ మారకపోయినా వినాలనిపిస్తే అది ఇంకా గొప్ప విషయం, కొనేయండి.

డిస్కోకూ హౌస్‌కూ తేడా కూడా ఇక్కడే తెలుస్తుంది. 1979 జూలై 12న షికాగో కమిస్కీ పార్క్ బేస్‌బాల్ స్టేడియంలో డిస్కో రికార్డులు పేల్చేశారు, ఆ తర్వాత పెద్ద లేబుళ్లు ఆ సంగీతం నుంచి తప్పుకున్నాయి. పెద్ద ఆర్కెస్ట్రా పెట్టి రికార్డు చేసే డబ్బు పోయింది కానీ నాట్యం చేసే జనం పోలేదు. అదే షికాగోలో ఫ్రాంకీ నకుల్స్ వేర్‌హౌస్ క్లబ్‌లో, తర్వాత రాన్ హార్డీ మ్యూజిక్ బాక్స్‌లో ఆ జనాన్ని నిలబెట్టారు. మొదటి హౌస్ రికార్డుగా ఎక్కువమంది చెప్పేది 1984లో జెస్సీ సాండర్స్ విడుదల చేశాడు. ఆర్కెస్ట్రా స్థానంలోకి డ్రమ్ మెషిన్ వచ్చింది. రోలాండ్ టీఆర్-909 వచ్చింది 1983లో. దాంట్లో కిక్, స్నేర్ అనలాగ్ సర్క్యూట్లు, హై-హ్యాట్, సింబల్ డిజిటల్ శాంపిల్స్. ఇవాళ్టి కొత్త రిలీజ్‌లలో సగానికి పైగా ఆ శబ్దమో, దాని నకలో వినిపిస్తుందని నా అంచనా. నిజమైన డ్రమ్మర్ ఉన్న కొత్త డిస్కో రికార్డులో టెంపో కొద్దిగా కదులుతూ ఉంటుంది. డీజేకి కలపడం కష్టం, వినేవాడికి ఆ కదలికే ఆనందం. అలాంటివి ఇప్పుడు తక్కువగా వస్తున్నాయి, కనిపిస్తే వదలకండి.

ఇంకో అలవాటు చేసుకోండి: పాట ఉన్న వెర్షన్‌తో ఆపకుండా డబ్ (గొంతును చాలావరకు తీసేసి, ప్రతిధ్వనులతో మార్చిన వెర్షన్), ఇన్‌స్ట్రుమెంటల్ కూడా వినండి. న్యూయార్క్ క్లబ్ ప్యారడైజ్ గరాజ్‌లో డీజే లారీ లెవాన్ కాలం నుంచీ డబ్ మిక్స్ అంటే చేసినవాడు స్వేచ్ఛగా ప్రయోగం చేసే చోటు. ఎ సైడ్ పేలవంగా ఉండి బి సైడ్ రెండో ట్రాక్ అద్భుతంగా ఉన్న రికార్డులు నా అల్మరాలో చాలా ఉన్నాయి.

రెండో ప్రశ్న, వినైల్. తప్పదని ఎవరైనా అంటే నమ్మకండి. బ్యాండ్‌క్యాంప్, ట్రాక్స్‌సోర్స్, లేబుళ్ల సొంత సైట్లతో జీవితాంతం సరిపడా మంచి సంగీతం దొరుకుతుంది. అయితే కొన్ని లేబుళ్లు కొన్ని రికార్డులను వినైల్ మీద మాత్రమే వదులుతాయి, డిజిటల్ నెలల తర్వాత రావచ్చు, రాకపోవచ్చు. కాపీలు తక్కువ ఎందుకంటే ప్రెస్సింగ్‌లో మొదటి ఖర్చులు, అంటే లాకర్ (మొదటి గాడులు కోసే లక్క పూత డిస్కు) కోయడం, స్టాంపర్లు (కాపీలు వేసే లోహపు అచ్చులు) తయారుచేయడం, ఎన్ని కాపీలు వేసినా ఒకటే. అమ్ముడుపోని పెట్టెలు మిగిలితే చిన్న లేబుల్ తర్వాతి రికార్డు ఆగిపోతుంది. దానికి తోడు 2020 ఫిబ్రవరిలో కాలిఫోర్నియాలో అపోలో మాస్టర్స్ ఫ్యాక్టరీ కాలిపోయింది. అప్పటికి ప్రపంచంలో ఎక్కువ లాకర్లు అక్కడివే, ఆ మంటల తర్వాత మిగిలింది జపాన్‌లో ఒక్క తయారీదారు. ఆ తర్వాతి ఏళ్లలో కోవిడ్ రద్దీ కూడా కలిసి ఎదురుచూపులు బాగా పెరిగాయి.

కాబట్టి వినైల్ కొనాలనుకుంటే ప్రీ-ఆర్డర్ సమయంలోనే లేబుల్ నుంచో షాపు నుంచో కొనండి. అయిపోయాక సెకండ్‌హ్యాండ్‌లో మూడింతల ధర చూసి టెన్షన్ పడొద్దు. ఆ డబ్బులో ఒక్క పైసా కూడా చేసినవాళ్లకు పోదు. గిరాకీ ఉన్న రికార్డుకు చాలాసార్లు రీప్రెస్ వస్తుంది. లేబుల్‌కు ఒక మెసేజ్ పెట్టి అడగండి, చిన్న లేబుళ్లు జవాబిస్తాయి.

మూడోది రీఎడిట్లు. దీని మీద నాకు గట్టి అభిప్రాయమే ఉంది. ఎడిట్ ఈ సంగీతానికి పుట్టుకతో వచ్చినది. నకుల్స్, హార్డీ రీల్ టేపు మీద పాత డిస్కో పాటలను పొడిగించి వాయించేవాళ్లు. రీమిక్స్‌కు విడివిడి ట్రాక్‌లున్న మల్టీట్రాక్ టేపు కావాలి, అంటే హక్కుదారు ఇవ్వాలి. ఎడిట్‌కు పూర్తయిన రికార్డు ఒక్కటి ఉంటే చాలు. అందుకే ఎవరైనా చేయగలరు, అందుకే ఇన్ని వస్తున్నాయి. మంచి ఎడిట్ చేసినవాడు ఎక్కడ కోయాలో తెలిసినవాడు. పాటలో పదహారు సెకన్లు మాత్రమే ఉన్న అద్భుతమైన బ్రేక్‌ను రెండు నిమిషాలు నిలబెడతాడు, అనవసరమైన కోరస్ తీసేస్తాడు, మిగతాది ముట్టుకోడు. పాత రికార్డు మీద కొత్త కిక్ అతికించి టెంపో బిగించేసినవి నేను కొనను. అసలు డ్రమ్మర్ శ్రమంతా ఆ కిక్ కింద పడిపోతుంది.

చట్టం సంగతికొస్తే, ఎడిట్ అమ్మాలంటే రికార్డింగ్ హక్కుదారు, పాట హక్కుదారు ఇద్దరి అనుమతీ కావాలి. చాలా వైట్ లేబుల్ (వివరాలేవీ ముద్రించకుండా వచ్చే) ఎడిట్లకు అది లేదు. పాడినవాళ్లకు, వాయించినవాళ్లకు ఏమీ అందదు. గుర్తుపట్టడం కష్టం కాదు. అసలు కళాకారుడి పేరు ఎక్కడా లేకుండా ఎడిట్ చేసినవాడి పేరు మాత్రమే ఉంటే అనుమానించండి. లైసెన్స్ ఎవరి దగ్గర తీసుకున్నారో ముద్రించి ఉంటే నిశ్చింతగా కొనండి. అనుమతి లేని ఎడిట్ బాగా నచ్చితే నేను చేసే పని ఒకటే: అసలు రికార్డు పేరు కనుక్కుని దాని అధికారిక రీఇష్యూ కొంటాను. చాలాసార్లు అసలుదే బాగుంటుంది కూడా.

రీఇష్యూల్లోనూ ఇదే చూడండి. హౌస్ మొదటి తరంలో చాలామందికి రావాల్సిన డబ్బు రాలేదు. లారీ హర్డ్, రాబర్ట్ ఓవెన్స్ 1980ల నాటి తమ పాటల హక్కుల కోసం 2020లో షికాగో లేబుల్ ట్రాక్స్ రికార్డ్స్ మీద దావా వేయాల్సి వచ్చింది. 2022లో రాజీ కుదిరి హక్కులు వాళ్లకు తిరిగొచ్చాయి. శాన్‌ఫ్రాన్సిస్కోలో డార్క్ ఎంట్రీస్ లేబుల్ 1982లో చనిపోయిన ప్యాట్రిక్ కౌలీ సంగీతాన్ని, అప్పటిదాకా బయటికి రాని టేపులతో సహా ఒక్కొక్కటిగా విడుదల చేసింది. ఇలాంటి రిలీజ్‌ను ‘పాతది’ అని పక్కన పెట్టకండి. ఎవరూ వినని సంగీతం ఈ ఏడాది బయటికొస్తే అది ఈ ఏడాది రిలీజే.

చివరిగా ఫైళ్ల గురించి ఒక మాట. వీలైతే వేవ్, ఏఐఎఫ్ఎఫ్, ఫ్లాక్‌లలో ఏదో ఒకటి తీసుకోండి. బ్యాండ్‌క్యాంప్‌లో అదనంగా ఏమీ కట్టనక్కర్లేదు. 320 కేబీపీఎస్ ఎంపీ3 కూడా చాలావరకు సరిపోతుంది. అనుమానం వచ్చిన ఫైల్‌ను, శబ్దాన్ని ఫ్రీక్వెన్సీల బొమ్మగా చూపించే స్పెక్ లాంటి ఉచిత ప్రోగ్రామ్‌లో తెరిచి చూడండి. ఆ బొమ్మ 16 కిలోహెర్ట్జ్ దగ్గర కత్తితో కోసినట్టు ఆగిపోతే అది 128 కేబీపీఎస్ ఎంపీ3ని పెద్ద ఫైల్‌గా మార్చింది అయి ఉండొచ్చు. పాత టేపు నుంచి తీసిన రికార్డుల్లో పై శబ్దాలు సహజంగానే తక్కువ, కానీ అక్కడ బొమ్మ మెల్లగా సన్నబడుతుంది.

మీకు నచ్చిన ఆ మిక్స్‌లలో మూడు ట్రాక్‌ల పేర్లు రాయండి. పేరు తెలియకపోతే మిక్స్ లింకు, నిమిషం చెప్పినా చాలు. వాటిని బట్టి ఏ లేబుల్‌తో మొదలుపెట్టాలో, ఎవరి షో వినాలో చెబుతాను.